కూత పెట్టమన్న పూట

రండి నాయనా, రండి తల్లీ. గడపలో నిలబడితే ఎండ కొడుతుంది. లోపలికి వచ్చి ఈ చాప మీద నా పక్కనే కూర్చోండి. దగ్గరగా రమ్మంటున్నది ఎందుకంటే నా గొంతు ఇప్పుడు పెద్దగా లేవదు. బతుకంతా పక్కవాళ్ల గొంతులు పెద్దవి చేసి పెట్టాను గానీ, నా గొంతును ఏనాడూ సాకలేదు. చదువు అయిదో తరగతి దాటలేదు. చూసినవి, విన్నవి మాత్రం మరిచిపోలేదు.

మా వీధిలో డిగ్రీ చదివే అమ్మాయి ఒకతె ఆ మధ్య మా ఇంటికి వచ్చింది. "తాతా, మా కాలేజీలో వక్తృత్వ పోటీ పెట్టినారు. సోషలిజంలో గానీ, పెట్టుబడిదారీలో గానీ, జనం మాట మీద గవర్నమెంటు హద్దు పెట్టొచ్చా, పెట్టగూడదా అని మాట్లాడాల. నువ్వు మైకు సెట్టు నడిపినోనివి గదా, అందరి మాటలూ వినింటావు. నాలుగు పాయింట్లు చెప్పు" అంది. పాయింట్లు నాకేం తెలుసు? కాఫీ ఇప్పించి పంపేశాను. పోటీ అయిపోయింది, ఏదో కప్పు కూడా గెలుచుకున్నట్టుంది. నేను చెప్పాల్సింది మాత్రం నాలోనే ఉండిపోయింది. మీరు వచ్చారు కాబట్టి మీకు చెబుతాను.

మాది ఆదోని అవతల, కర్ణాటక అంచున ఉన్న పల్లె. మంత్రాలయంలో తప్పిపోయిన యాత్రికుల పేర్లు మైకులో పిలుస్తుంటారు చూడండి, అక్కడ వైర్లు మోస్తూ ఈ పని నేర్చుకున్నాను. తర్వాత పొట్ట చేతపట్టుకుని ఎర్రగుంట్ల దాటాక వచ్చే ఒక సిమెంటు ఊరికి చేరాను. ఆ ఊరి పేరు చెప్పను. అక్కడ నాకంటే పెద్దవాడు, ఒక సాయిబు, సొంతంగా మైకు సెట్టు పెట్టుకుని ఉన్నాడు. నేను భాయ్ అనేవాణ్ణి. ఆయన నన్ను కన్నడపోడా అనేవాడు, నేను డబ్బులను దుడ్లు అంటానని. ఇద్దరం భాగస్తులమయ్యాం. స్తంభాలెక్కి హారన్లు కట్టడం, వైర్లు లాగడం ఆయన పని. కింద మిషను దగ్గర కూర్చుని సౌండు బటన్ తిప్పడం నా పని.

మా మైకుకు పార్టీ లేదు, మతం లేదు. పొద్దున ఎర్రజెండా వాళ్ల మీటింగు, మధ్యాహ్నం చర్చిలో కన్వెన్షను, సాయంత్రం దర్గాలో ఉరుసు. అన్నిటికీ అవే హారన్లు. ఎన్నికలప్పుడైతే పొద్దున పొగిడిన నోటితోనే సాయంత్రం తిట్టేది మా మైకు.

ఇక్కడ మా పనిలోని ఒక కిటుకు మీకు చెప్పాలి. ఇది తెలియకపోతే తర్వాత కథ మీకు అర్థం కాదు. స్టేజీ మీద మాట్లాడేవాడి నోరు మూయించాలంటే సౌండు తగ్గించకూడదు. తగ్గిస్తే వాడు ఇంకా గట్టిగా అరుస్తాడు, జనం కూడా 'మైకు కోసేసినారు' అని గోల చేస్తారు. కాబట్టి పెంచాలి. మైకు దగ్గరున్న స్పీకరు డబ్బాలో సౌండు ఒక గీత దాటి పెంచితే, ఆ సౌండే మళ్లీ మైకులోకి దూరి 'కుయ్‌య్' మని కూస్తుంది. జనం చెవులు మూసుకుంటారు, తర్వాత నవ్వుతారు. మాట్లాడేవాడికి మాట తప్పిపోతుంది. రెండుసార్లు కూస్తే పెద్దపెద్ద లీడర్లే చెమటలు తుడుచుకుంటూ దిగిపోతారు. సెట్టు పాడైందని అందరూ అనుకుంటారు. మా పనివాళ్లు దీన్ని 'కూత పెట్టడం' అంటారు. ఎదుటి పార్టీ వాళ్లు చాటుగా వచ్చి కూత పెట్టమని అడగడం మామూలే.

నేను సొంతంగా ఒక్కసారే మైకు ఆపాను. ఒక ఊరేగింపులో ఎక్కడినుంచో వచ్చిన ఒకడు జీపు మీద నిలబడి, ఫలానా వీధిలో అంగళ్లు తగలబెట్టండి అని మొదలుపెట్టాడు. ఆ వీధిలో భాయ్ ఇల్లుంది. కూత కాదు, ఏకంగా వైరే పీకేశాను. కొట్టడానికి వచ్చారు, తిన్నాను. అది తప్పని ఈనాటికీ అనుకోను. కాబట్టి మాటకు అసలు హద్దే ఉండకూడదని వాదించే మనిషిని కాను నేను. ముందే చెబుతున్నాను.

మా అంగడి పక్కన ఒక టీ బంకు ఉండేది. అక్కడికి రోజూ ఇద్దరు వచ్చేవారు. ఒకరు ఎర్రజెండా యూనియన్ పెద్దాయన. ఫ్యాక్టరీ పెట్టిన కొత్తల్లో పర్మిషన్ లేకుండా గేటు దగ్గర మైకులో మాట్లాడినందుకు పోలీసు దెబ్బలు తిని జైలుకు పోయిన మనిషి. ఏండ్ల తరబడి అరిచి అరిచి గొంతు గరగరలాడేది. ఇంకొకాయన కాంట్రాక్టరు. ఫ్యాక్టరీకి లారీలు తిప్పుతాడు, మూటలెత్తే కూలీలను పంపుతాడు. ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చుని మాటలతో కొట్టుకోవడం మేం రోజూ చూసే నాటకం.

"మా రాజ్యం రానీ అప్పా" అనేవాడు పెద్దాయన. "పేపర్లు, టీవీలు అన్నీ జనం చేతిలో ఉంటాయి. డబ్బున్నోడు అబద్ధం చెప్పి జనాన్ని చెడగొడతానంటే కుదరదు. అట్లాంటోని నోటికి గవర్మెంటే తాళం ఏస్తాది."

"అదిగో, వచ్చింది చూడు తాళం!" అని కాంట్రాక్టరు తొడ చరిచేవాడు. "గవర్మెంటు ఎవురప్పా నోటికి తాళమెయ్యనీకి? ఎవుని నోరు వానిది. ఎవుని మైకు వానిది. నీకు శక్తుంటే నువ్వూ బాడిగ కట్టి పెట్టుకో. ఇష్టముంటే జనం వింటారు, లేకుంటే లేచి పోతారు."

"బాడిగ కట్టలేనోడు ఏం జెయ్యల్ల? నోరు ఇంట్లో పెట్టుకోని రావల్లనా?"

"మీ రాజ్యంలో మాత్రం ఇంట్లోనన్నా ఉంటాదా పెద్దాయనా? అది కూడా పీకి ఆఫీసులో జమ చేసుకోరూ?"

బంకు దగ్గరున్న వాళ్లంతా నవ్వేవారు, పెద్దాయన కూడా. భాయ్ తన గ్లాసు కడిగి పెడుతూ నాతో మెల్లగా అనేవాడు: "విన్నావా కన్నడపోడా? ఈయన రాజ్యంలో మైకుకు పర్మిషన్ గావాల. ఆయన రాజ్యంలో బాడిగ గావాల. యా రాజ్యమొచ్చినా మనిద్దరికీ పనుంటాది, ఫికర్ జెయ్యొద్దు."

అట్లా నవ్వుకుంటూ ఉండగా, ఫ్యాక్టరీ వాళ్లు సున్నపురాయి క్వారీని ఊరి వైపు పెంచాలనుకున్నారు. అట్లా పెంచే ముందు గవర్నమెంటు జనం మాట వినాలట. దానికి ప్రజాభిప్రాయ సేకరణ అని పేరు. పెద్ద ఆఫీసరు వచ్చి కూర్చుంటాడు, ఎవరైనా లేచి మైకులో మాట్లాడవచ్చు, ఆ మాటలు రాసుకుని పైకి పంపుతారు. ఊరి బడి మైదానంలో షామియానా వేశారు. మైకు మాది. బాడిగ కాంట్రాక్టరుది.

ముందురోజు హారన్లు తుడుచుకుంటుంటే చర్చి వీధి నుంచి ఒకామె వచ్చింది. ఆ వీధి ఊరి చివర క్వారీ వైపు ఉంటుంది, ఆమెది ఆఖరి ఇల్లు. చర్చిలో పాటలు ఆమే మొదలుపెట్టేది కాబట్టి మాకు బాగా తెలుసు. మైకు నోటికి ఎంత దూరంలో పెట్టుకోవాలో తెలిసిన మనిషి. ఆమె మొగుడు కాంట్రాక్టరు దగ్గర మూటలెత్తుతాడు.

"అన్నా, రేపు నేను మాట్లాడతా" అంది.

"ఏం మాట్లాడతావమ్మా?"

"క్వారీలో మందు పేలిస్తే మా ఇల్లు అదురుతాంది. గోడ పైనుంచి కిందికి పగిలింది. ఇంక ఈ పక్కకే జరుగుతాదంటే మేం యాడికి పోవల్ల? మా ఆయన వద్దంటాండాడు, పని పోతాదంట. పని పోతే ఇంకో పని చూసుకుంటాం, ఇల్లు మీద పడితే ఏం చూసుకుంటాం? నా మాట అందరికీ వినపడేట్టు పెట్టన్నా. అంతే నేనడిగేది."

పెడతానమ్మా అన్నాను. అది మా పనే కదా.

మరునాడు మైదానంలో మిషను బిగిస్తుంటే కాంట్రాక్టరు వచ్చి నా పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"ఏమప్పా, ఆ చర్చి వీధి ఆమె లేస్తే రొంత కూత పెట్టు. ఎక్కువొద్దు, రెండు కూతలు. ఆడమనిషి గదా, సిగ్గుపడి దిగిపోతాది."

నాకు నవ్వొచ్చింది. "నువ్వే గదప్పా, ఎవురి నోరూ మూయగూడదంటివి?"

"గవర్మెంటు మూయగూడదంటి. నేను గవర్మెంటునా? బాడిగ ఇచ్చేది నేను. నేను బాడిగిచ్చిన మైకులో నన్నే తిడతాంటే నేను వినల్లనా? నాయమేనా అది?"

నేను తల ఊపాను. తల ఊపడం మా పనిలో భాగం నాయనా. ఊపినంత మాత్రాన చేస్తానని కాదు, చేయనని కాదు.

ఆయన అటు పోగానే పెద్దాయన వచ్చాడు. ఈయన కూర్చోలేదు. షామియానా గుంజ పట్టుకుని, నా వైపు కాకుండా ఎటో చూస్తూ మాట్లాడాడు.

"ఆమె మాట్లాడతానంటాందంట?"

"అవును పెద్దాయనా. చెప్పిపోయింది."

"మాట్లాడకుండా ఉంటే మేలు. కంపెనీతో మాట అయిపోయిందప్పా. క్వారీకి మేం అడ్డం పడం, కాంట్రాక్టు పిల్లోల్లను వాల్లు పర్మనెంటు చేస్తారు. ఎన్నేండ్ల కొట్లాట ఇది! ఆమె లేచి ఏడిస్తే ఊరంతా లేస్తాది, కంపెనీ మాట తప్పుతాది."

"మరి ఆమె ఇల్లు?"

"ఒక ఇంటికోసం అంతమంది కూడు పోగొట్టల్లనా? ఇల్లు మనం తర్వాత కట్టిస్తాం. అందరి మేలుకోసం ఒకరి మాటను ఈ పూటకు ఆపితే అది నోరు మూయడం కాదప్పా. ఆపడం." గుంజ వదిలి, "నీకు తెలుసు గదా ఏం జెయ్యల్లనో" అన్నాడు.

దీనికీ తల ఊపాను. బెంచీ మీద ఏనాడూ ఒక్కమాట మీదికి రాని ఇద్దరూ ఆ పూట ఒక్కమాట మీదికి వచ్చారు. అదీ నా బటన్ దగ్గర.

నిజం చెప్పాలంటే నేను కూత పెట్టదలచుకోలేదు. ఆమెకు మాటిచ్చాను. పైగా ఈ ఇద్దరూ ఎదురుబొదురుగా నిలబడి అందరి ముందు చెప్పలేని పనిని నా చేత్తో చేయించడం నాకు నచ్చలేదు. అయితే ఆ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు, భాయ్‌కి కూడా. ఇన్నేళ్ల జోడీ కదా, ఒకరిదొకరికి అడక్కుండానే తెలుస్తుందని మా ఇద్దరికీ ఒక గర్వం. మేం చేసిన తప్పు అదే. భాయ్ స్తంభం మీద ఉండి హారను కడుతూ కింద నేను ఇద్దరికీ తల ఊపడం చూశాడు. ఎందుకు ఊపానో పైనుంచి ఆయనకు వినపడలేదు. ఊహించుకున్నాడు.

మీటింగు మొదలైంది. ఆఫీసరు కోస్తా వైపు మనిషి, నెమ్మదస్తుడు. ఆయన బల్ల హారన్లకు వెనక వైపు ఉంది, అక్కడికి మోతే తప్ప మాట తెలియదు కాబట్టి, ఆఫీసర్లు వినడానికి బల్ల మీద, మైకుకు దగ్గరగా, ఒక చిన్న స్పీకరు డబ్బా పెట్టాం. ముందు కంపెనీ ఆయన మాట్లాడాడు. తర్వాత కాంట్రాక్టరు మనుషులు ఒకరి తర్వాత ఒకరు, నేర్చుకొచ్చిన పాఠం అప్పజెప్పినట్టు, క్వారీ వస్తే ఊరు బాగుపడుతుందన్నారు. పెద్దాయన లేచి, కార్మికులకు ఉద్యోగాలు ఇస్తే మాకు అభ్యంతరం లేదని రెండు ముక్కలు చెప్పి కూర్చున్నాడు. ఆ గొంతు గంటలు గంటలు ఉరమడం విన్నవాణ్ణి నేను. రెండు ముక్కలకే ఆయాసపడింది.

అప్పుడు ఆమె లేచింది. ఆడవాళ్ల వైపు నుంచి కొంగు భుజం చుట్టూ కప్పుకుని వచ్చి మైకు ముందు నిలబడింది. కాంట్రాక్టరు నా వైపు చూశాడు. పెద్దాయన తన కాళ్ల వైపు చూసుకున్నాడు. నేను బటన్ మీద చెయ్యి పెట్టి, పాటకు పెట్టేంత సౌండు పెట్టి వదిలేశాను.

"సార్లందరికీ వందనాలు" అని మొదలుపెట్టింది. "నాది చర్చి వీధిలో ఆఖరిల్లు. ఫ్యాక్టరీ వద్దని నేను చెప్పడంలే సార్. మా ఆయన ఆడనే మూటలెత్తుతాండాడు, మేం తినేది ఆ కూడే. కానీ మీరు మందు పేల్చేటప్పుడు ముందుగా ఒక మాట చెప్పండి. నా బిడ్డ గోడ పక్కన పండుకొనుంటే నేను ఎత్తుకోవల్ల గదా సార్. గోడ పగిలింది, మీరొచ్చి చూడండి, చెయ్యి పడతాది సందులో. క్వారీ ఆ పక్కకు తిప్పండి, లేదంటే మాకు ఇంకో చోట ఇల్లు కట్టియ్యండి. మేం పోతాం. ఉండమనీ చెప్పకుండా, పొమ్మనీ చెప్పకుండా ఉంటే మేమేం జెయ్యల్ల?"

ఎంత నిమ్మళంగా మాట్లాడిందనుకున్నారు! హారన్లు ఖంగుమంటున్నాయి. ఒక్క కూత లేదు. మాట పోయి క్వారీ గుట్టకు తగిలి మళ్లీ వెనక్కి వస్తోంది. కాంట్రాక్టరు చేతులు తిప్పుతున్నాడు, నేను చూడనట్టు మిషను మీద దుమ్ము తుడుస్తున్నాను. మనసులో పొంగిపోతున్నాను. ఇన్నేళ్లలో ఒక మంచి పని చేశానని.

ఆఫీసరు ముందుకు వంగి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "కొంచెం గట్టిగా చెప్పమ్మా" అన్నాడు. ఊరంతా మోగుతుంటే గట్టిగా చెప్పమంటాడేమిటి, ఎగతాళా అనుకున్నాను. ఆయన పక్కనున్న గుమాస్తాను అడిగాడు, "ఏమంటోందయ్యా?"

"ఇంటిస్థలం అడుగుతాంది సార్" అన్నాడు గుమాస్తా.

"సరే, రాసుకో" అన్నాడు ఆఫీసరు.

ఆమె దండం పెట్టి వెళ్లి కూర్చుంది. ఆ తర్వాత ఇంకొకరిద్దరు మాట్లాడారు, మీటింగు ముగిసింది. వందన సమర్పణ జరుగుతుంటే చర్చి వీధి నుంచి ఆడవాళ్లు కొంతమంది చేతులు తుడుచుకుంటూ పరుగున వచ్చారు. ఇళ్లల్లో హారన్లలో ఆమె మాట విని, మేమూ చెబుతామని వచ్చారట. టైమైపోయిందన్నారు. జనగణమన పాడించేశారు.

సామాను విప్పేటప్పుడు భాయ్ నా దగ్గరికి వచ్చాడు. మొహంలో కోపం, గర్వం రెండూ ఉన్నాయి. చేతిలో ఒక వైరు ముక్క.

"ఏమనుకున్నావ్‌రా? నువ్వు కూత పెడతాంటే నేను చూస్తా ఊరుకుంటాననుకుంటివా? ఆమె లేచేటప్పుడే డబ్బా వైరు పీకేసినా. డబ్బా లేకుంటే కూత యాడనుంచి వస్తాది?"

నేను ఆ వైరును చూశాను, బల్ల మీది డబ్బాను చూశాను.

"భాయ్, నేను కూత పెట్టాలనుకోలేదు" అన్నాను.

"తల ఊపితివి గదా!"

"ఊపితి. ఊపితే పెడతానా?"

"మరి పెట్టకుంటే..." అని భాయ్ బల్ల మీది డబ్బా వైపు తిరిగాడు. అప్పుడు ఆయనకూ వెలిగింది. ఆ డబ్బా ఒక్కటే ఆఫీసర్లకు వినపడే దారి. ఊళ్లో ప్రతి గోడకూ ఆమె మాట వినపడింది. క్వారీకి వినపడింది, మేకలకు వినపడింది. ఎవరికి చెప్పుకోవాలని వచ్చిందో ఆ బల్లకు మాత్రం వినపడలేదు. కాంట్రాక్టరు అడిగి, పెద్దాయన అడిగి చేయించలేని పనిని మేమిద్దరం ఆమె మేలుకోరి చేసిపెట్టాం.

భాయ్ అక్కడే నేలమీద కూలబడి, "యా అల్లా" అని తల పట్టుకున్నాడు. నేను ఆఫీసరు జీపు కోసం పరిగెత్తాను. అది రోడ్డెక్కేసింది. దుమ్ము మాత్రం మిగిలింది.

ఆ తర్వాత సంగతి త్వరగా చెబుతాను, చెప్పడానికే ఓపిక లేదు. మరునాడు ఆమె మొగుడు డ్యూటీకి పోతే గేటు పాసు లాక్కున్నారు. నేను కాంట్రాక్టరు దగ్గరికి పోయి అడిగాను, ఇదేం పనప్పా అని.

"నేనేమన్నా ఆమె నోరు మూసినానా?" అన్నాడు. అరవలేదు, నన్ను కూర్చోబెట్టి టీ ఇప్పించి మరీ అన్నాడు. "మాట్లాడే స్వేచ్ఛ ఆమెకుండాది, మాట్లాడింది. పని ఇచ్చే స్వేచ్ఛ నాకుండాది, ఇయ్యను. ఎవుని స్వేచ్ఛ వానిది. తాగప్పా, చల్లారిపోతాది."

ఆ టీ నేను తాగాను. అది కూడా చెప్పాలి కదా. తాగి లేచి వచ్చాను. ఆ మనిషి మమ్మల్ని మళ్లీ ఎప్పుడూ మైకుకు పిలవలేదు.

పెద్దాయన యూనియన్ కమిటీలో ఆ కూలీ సంగతి ఎత్తాడట. కమిటీలో కుర్రవాళ్లు, "యూనియన్ మాట దాటి ఆమెను ఎవురు మాట్లాడమన్నారు? దాటినోల్లకోసం మనం నిలబడితే రేపు ప్రతివాడూ దాటుతాడు" అన్నారట. ఎన్నో ఏళ్ల కింద ఆ పాఠం వాళ్లకు నేర్పింది ఈయనే. దాన్ని ఈయనకే అప్పజెప్పారు. ఆ సాయంత్రం మా అంగడికి వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. కాంట్రాక్టరు ఆ బెంచీకి రావడం మానేశాడు.

"గేటు దగ్గర మీటింగు పెడతా. యూనియన్ పేరుతో కాదు, నా పేరుతో. సెట్టు ఇస్తారా?" అన్నాడు.

భాయ్ అప్పటికే వైరు చుట్టడం మొదలుపెట్టాడు.

మైకుకు పోలీసు పర్మిషన్ కావాలి కదా. నేనూ ఆయనా స్టేషన్‌కు పోయాం. అక్కడి ఆయన మర్యాదగానే కూర్చోమన్నాడు. "ఏం మాట్లాడతారో ముందుగా రాసివ్వండి, పైవాళ్లకు చూపిస్తాను" అన్నాడు. పెద్దాయన కాసేపు ఆయన్నే చూసి, గరగరమని నవ్వాడు. నవ్వితే దగ్గొచ్చింది. బయటికి వచ్చాక, "చూడప్పా, మా రాజ్యమొచ్చి నేను ఆ కుర్చీలో కూర్చోనుంటే నేనూ ఇదే అడుగుదునేమో. వాడంత మర్యాదగా కూడా అడగనేమో" అన్నాడు. పర్మిషన్ రాలేదు. రాదని కూడా ఎవరూ చెప్పలేదు.

షిఫ్టు వదిలే పొద్దుకు మైకు లేకుండానే గేటు దగ్గరికి పోయాం. పెద్దాయన, ఆమె, ఆమె మొగుడు, భాయ్, నేను. చేతుల్లో సామాను లేకుండా ఒక మీటింగుకు పోవడం మా ఇద్దరికీ అదే మొదలు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పెద్దాయన ఒక రాయి మీద నిలబడి మాట్లాడాడు. అప్పుడు విన్నాను ఆయన అసలు గొంతు. జనం ముందు అది అంత చిన్నదని నాకు తెలియదు. బెంచీ మీది మాటలు వదిలేస్తే, ఇన్నాళ్లూ మేం పెద్దది చేసిందే విన్నాం. వినపడక జనం దగ్గరికి జరిగారు, ఇంకా జరిగారు. సిమెంటు బూడిద మొహాలతో, టిఫిన్ డబ్బాలతో ఒకరి మీద ఒకరు పడేంత దగ్గరికి వచ్చారు.

"ఈ బిడ్డ మాట ఆపమని మైకాయనకు చెప్పినోల్లల్లో నేనూ ఒకణ్ణి" అన్నాడు. "అవును, చెప్పినా. మీ పర్మనెంటు కోసమని చెప్పినా. ఆమె చెప్పింది తప్పయితే చెప్పండి. తప్పు కాకుంటే ఈయన పాసు ఈయనకిప్పిద్దాం, రాండి."

కొంతమంది కదిలారు. అందరూ కాదు. చాలామంది డబ్బాలు పట్టుకుని బస్సెక్కి పోయారు, వాళ్లకూ ఇళ్లున్నాయి. మిగిలినవాళ్లు కొన్నాళ్లు గేటు దగ్గర కూర్చున్నారు. పాసు రాలేదు. ఆయనకు వేరే ఫ్యాక్టరీలో, తక్కువ కూలికి, లారీల మీదికి మూటలెత్తే పని దొరికింది. క్వారీ పెరిగింది. పర్మనెంటు చేస్తామన్న పిల్లల్లో కొందరిని చేశారు, కొందరిని చేయలేదు. ఒక్కటి మాత్రం జరిగింది. మందు పేల్చే ముందు సైరను మోగించడం మొదలుపెట్టారు. ఎందుకు మొదలుపెట్టారో, ఎవరు చెప్పారో తెలియదు. కంపెనీ వాళ్లు తమ మంచితనమన్నారు. యూనియన్ వాళ్లు తమ గెలుపన్నారు.

ఆ డిగ్రీ అమ్మాయికి నేను చెప్పాల్సింది ఇదేనేమో. మాటకు హద్దు ఉండాలి, అంగళ్లు తగలబెట్టమన్న నోటిని నేను ఊరుకోను. కానీ హద్దు పెట్టే చెయ్యి ఎవరిదో కంటికి కనపడాలి. నేను మైదానంలో మిషను పక్కన అందరికీ కనపడేట్టు కూర్చునేవాణ్ణి. తప్పుగా తిప్పితే వచ్చి నా చొక్కా పట్టుకోవచ్చు, పట్టుకున్నారు కూడా. ఇప్పుడు మీ ఫోన్లలో ఒకడు పెట్టిన మాట పొద్దునుంటుంది, మధ్యాహ్నానికి ఉండదు. ఎవరు తీశారంటే పైనుంచి అంటారు. ఒకసారి గవర్నమెంటంటారు, ఒకసారి కంపెనీ అంటారు. పెద్దాయన రాజ్యమైనా, కాంట్రాక్టరు రాజ్యమైనా, కనపడని చేతిలో బటన్ పెట్టినాక నాకు రెండూ ఒకటే. ఇంతకు మించి నాకు తెలియదు నాయనా. చదువుకున్నవాళ్లు మీరు, ఇంకా బాగా ఆలోచించండి.

ఇప్పుడు డీజేలొచ్చి మా హారన్లు ఎవరికీ అక్కర్లేకపోయాయి. పెద్దాయన పోయాడు. భాయ్ ఉన్నాడు గానీ చెవులు వినపడవు. సైరను మొదలైన కొన్నాళ్లకే, ఆ ఊరు వదిలి వచ్చే ముందు, నేను చర్చి వీధికి పోయాను. ఆమె ఇంటి ముందు మట్టి పిసుకుతోంది. పగిలిన సందులో మట్టి కూరి చేత్తో అదుముతోంది. డబ్బా వైరు సంగతంతా ఆ పొద్దే చెప్పాను ఆమెతో. ఆమె అడిగింది ఒక్కటే, "ఆ సారుకు ఒక్క ముక్క కూడా వినపడలేదా అన్నా?" అని. లేదమ్మా అన్నాను. ఇంకొంచెం మట్టి తీసుకుంది.

ఉండబట్టలేక అడిగాను. "తల్లీ, ఆ రోజు మాట్లాడకుండా ఉండుంటే బాగుండేదేమో కదా? మీ ఆయన పనన్నా ఉండేది."

ఆమె నా వైపు తిరిగింది. కోపం లేదు.

"మాట్లాడకుంటే గోడ పగలకుండా ఉండేదా అన్నా?" అంది. "సైరను కూస్తాంది ఇప్పుడు. బిడ్డనెత్తుకోని బయటికొచ్చి నిలబడతాండాం. వీధి వీధంతా వచ్చి నిలబడతాది. నిలబడినంతసేపు మాట్లాడుకుంటాం."

అంతలోనే సైరను మోగింది. లోపలికి పోయి బిడ్డను చంకనేసుకుని వచ్చింది. పక్కింటి వాళ్లు వచ్చారు, వాళ్ల పక్కవాళ్లు వచ్చారు. నేనూ వాళ్ల మధ్యనే నిలబడ్డాను. నేల అదిరింది. అది అదిరేలోపల ఆ ఆడవాళ్లు చెప్పుకున్న మాటలు, తిట్టుకున్న తిట్లు ఏ మైకులోనూ వినలేదు నేను.

ఇంక లేవండి నాయనా, పొద్దుపోతోంది. మీ ఇంటి గోడలు నిలువునా చల్లగా నిలబడాలి. మీ ఇంట్లో చిన్నవాళ్ల మాట పెద్దవాళ్లు, ఆడవాళ్ల మాట మగవాళ్లు వినేంత ఓపిక ఆ ఇంటికి ఉండాలి. మీ పొయ్యి ఆరకూడదు, మీ గొంతు ఎండకూడదు. పోయి రండి.